కప్పు పట్టిన పనితనం

సింగరేణి బొగ్గు గనుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా టన్నుల లెక్కతో మొదలుపెడతారు. నాకు మాత్రం గని కప్పు సంగతే ముందు చెప్పాలనిపిస్తుంది. బొగ్గు తియ్యడం ఒకెత్తు, తీసినచోట మీది బండను పట్టి నిలపడం ఒకెత్తు.

రేగొండ దాటి భూపాలపల్లి వైపు పోతుంటే ముందు చెల్పూరులో జెన్‌కో వారి థర్మల్ కేంద్రం వస్తుంది. ఆపైన సింగరేణి వారి కేటీకే గనులు. కేటీకే అంటే కాకతీయ ఖని. ఆ గనుల్లో దిగినవాళ్లు ముందు చూసేది కప్పునే. పనిచోటు భద్రత చూసే సర్దారు కర్రతో కప్పును తట్టి చెవి పెడతాడు. గట్టి రాయైతే ఖంగుమంటుంది, పొర విడిందంటే డొల్లమోత వస్తుంది. రెండో చేతి వేళ్లు కప్పుకు ఆనించి తడితే, చెవికి అందని అదురు కూడా వేళ్లకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత బోల్టు పని. కప్పులోకి నిలువుగా రంధ్రం తొలిచి, నీళ్లలో నానిన సిమెంటు క్యాప్సూళ్లు అందులోకి ఎక్కిస్తారు. వాటి వెంట ఇనుప కడ్డీ దూర్చి, కింద రేకు పెట్టి నట్టు బిగిస్తారు. బొంతకు కుట్లు వేసినట్టు, పొరలుపొరలుగా ఉన్న ఇసుకరాయి అంతా ఒక్కటైపోతుంది. రంధ్రంలో దుమ్ము మిగిలినా, క్యాప్సూల్ సరిగా నానకపోయినా పట్టు దొరకదు. కప్పు కింద నిలబడి, తల పైకెత్తి, క్యాప్ లాంప్ వెలుగులో ఇంత శ్రద్ధగా చేసే పని మరొకటి నేనెరగను.

అయితే కప్పును పట్టే తీరు మొదటినుంచీ ఇలా లేదు. ఇల్లెందు ప్రాంతంలో 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబర్ 23న. నేడు అందులో తెలంగాణ రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్టా పారతో, బొగ్గు ఎత్తిన కాలంలో కప్పుకు ఆధారం చెక్క దిమ్మలే. విరిగేముందు కిర్రుమని హెచ్చరించే గుణం వాటిది. 1975లో నేల పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ వచ్చింది, అక్కడ కప్పే లేదు. ఉత్పత్తి పెరిగింది, ఊళ్ల పొలాలు పోయాయి. 2016కల్లా జైపూర్‌లో 1200 మెగావాట్ల సొంత విద్యుత్ కేంద్రం కూడా నిలిచింది.

అయినా నా మనసు నిలిచేది రామగుండం దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ గని మీదే. అక్కడ యంత్రం బొగ్గు గోడను కోసుకుంటూ పోతుంటే, వరసగా నిలిచిన హైడ్రాలిక్ సపోర్టులు కప్పును మోస్తాయి. కోత అయినంత మేర అవే ముందుకు జరుగుతాయి. వెనక వదిలిన కప్పును కావాలనే కూలనిస్తారు. కూలకుండా వేలాడితే ఆ బరువంతా సపోర్టుల మీదికే వస్తుంది.