ఏనుగుకు అంటించిన బొచ్చు: లుప్తద్వీప చిత్రాలూ మన 'పాత తెలుగు'

సినిమాల్లో విమర్శకులు పట్టించుకోని జాతి ఒకటుంది. ఓడ దారి తప్పుతుంది, లేదా విమానం కూలుతుంది. పటంలో లేని ద్వీపమొకటి కనిపిస్తుంది. పొగమంచు విడగానే ఏ కోట్ల సంవత్సరాల క్రితమో అంతరించిన రాక్షసబల్లులు అక్కడ తిరుగుతూ ఉంటాయి. ఇద్దరు ముగ్గురు చస్తారు, చివర అగ్నిపర్వతం బద్దలవుతుంది, మిగిలినవాళ్ళు ఇంటికి చేరతారు. తక్కువ ఖర్చుతో తీసిన ఈ లుప్తద్వీప చిత్రాలను పిల్లల సరదాగా కొట్టిపారేయడం సులభం. కాని వాటి వెనకనున్న ఊహకు, కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువారి గురించి మనం వ్యాసాల్లో రాసుకునే ఒక ఊహకు దగ్గర చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కథకు మూలరూపం కానన్ డాయిల్ 1912లో రాసిన 'ది లాస్ట్ వరల్డ్' నవల. అందులో ఉన్నది ద్వీపం కాదు, దక్షిణ అమెరికాలో ఎవరూ ఎక్కలేని పీఠభూమి. 1925లో అది మూగచిత్రంగా వచ్చింది. విలిస్ ఓబ్రయన్ చిన్న చిన్న బొమ్మలను రవ్వంత రవ్వంత కదుపుతూ, ఒక్కొక్క ఫ్రేముగా తీసి, బల్లులకు ప్రాణం పోశాడు. 1933 నాటి 'కింగ్ కాంగ్'లోనూ ఆయన పనితనమే కనిపిస్తుంది. ఆ పనికి నెలల తరబడి ఓపిక కావాలి, డబ్బు కావాలి. ఆ రెండూ లేని నిర్మాతలు వేరే దారులు వెతికారు. 1940లో వచ్చిన 'వన్ మిలియన్ బి.సి.'లో నిజమైన బల్లులనూ మొసలిపిల్లనూ అలంకరించి పెద్ద జంతువులుగా చూపారు. ఆ దృశ్యాలనే తరువాతి రెండు దశాబ్దాల్లో ఎన్నో చౌకచిత్రాలు అరువు తెచ్చుకున్నాయి. 1951 నాటి 'టూ లాస్ట్ వరల్డ్స్' వాటిలో ఒకటి. 1948 నాటి 'అన్‌నోన్ ఐలండ్'లో మనుషులే రబ్బరు తొడుగుల్లో దూరి బల్లులయ్యారు. 1975 నాటి 'ది లాండ్ దట్ టైమ్ ఫర్గాట్'కు వచ్చేసరికి చేతితో ఆడించే బొమ్మలు ఆ పని చేశాయి.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు ధాతువులతో కల్పించిన 'డైనోసార్' అన్న పదానికి 'భయంకరమైన బల్లి' అని అర్థం. మనవాళ్ళు దాన్ని 'రాక్షసబల్లి' చేశారు. భయంకరం అన్నది చూసేవాడి మనసులో పుట్టేది. రాక్షసత్వం చూడబడే ప్రాణి స్వభావంగా మారిపోయింది. రాక్షసుడన్నాక చంపవలసినవాడే కదా. తన ద్వీపంలో తాను మేస్తున్న జంతువు తుపాకితో వచ్చినవాడి ముందు దోషిగా నిలబడడం ఈ చిత్రాలన్నిటిలో ఉన్నదే. మన అనువాదం ఆ తీర్పును పేరులోనే రాసేసింది.

ఈ జాతి చిత్రం ఒకటి మన ముంగిట్లోనే తయారైంది. రాబర్ట్ లిపర్ట్ కంపెనీ 1951లో 'లాస్ట్ కాంటినెంట్' అనే చిత్రం తీసింది. సీజర్ రొమేరో నాయకుడు. తప్పిపోయిన రాకెట్టును వెతుకుతూ కొందరు దక్షిణ పసిఫిక్ ద్వీపంలో ఒక కొండ ఎక్కుతారు. ఎంతకీ తరగని ఆ ఎక్కుడు అయ్యాక, పైన తెర అంతా ఆకుపచ్చ రంగుకు మారి రాక్షసబల్లులు కనిపిస్తాయి. మరుసటి ఏడు అదే కంపెనీ, అదే రొమేరోతో, సేలంలోని మోడరన్ థియేటర్స్‌తో కలిసి 'ది జంగిల్' నిర్మించింది. దర్శకుడు విలియం బర్క్. రాడ్ కామెరన్, మేరీ విండ్సర్ ముఖ్యపాత్రధారులు. మన ఎం. ఎన్. నంబియార్ కూడా అందులో ఉన్నారు. తమిళంలో దాని పేరు 'కాడు'. టి. ఆర్. సుందరం స్థాపించిన మోడరన్ థియేటర్స్ చిన్న సంస్థ కాదు. మొదటి మలయాళ టాకీ 'బాలన్' (1938) అక్కడిదే. కోయంబత్తూరుకు సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, హాలీవుడ్ చౌకచిత్రమూ మన స్టూడియో సంస్కృతీ ఇలా ఒకచోట కలిశాయి.

'ది జంగిల్'లో ద్వీపం లేదు, బల్లులూ లేవు. కాని నమూనా అదే. అడవిలో ఏనుగులు బెదిరి ఊళ్ళ మీద పడుతున్నాయి. వాటిని బెదిరిస్తున్నవి అంతరించిపోయాయనుకున్న మామత్‌లని ఒక అమెరికన్ వేటగాడు చెబుతాడు. ఎవరూ నమ్మరు. చిత్రం దాదాపు పూర్తయ్యే వేళకు మామత్‌లు కనిపిస్తాయి. అవి ఏనుగులే. ఒంటినిండా బొచ్చు అంటించి నిలబెట్టారు.

మా అవ్వ ఈ చిత్రాన్ని డేరా కొట్టాయిలో చూసింది. ఎన్నో ఏళ్ళ తరువాత, చదువుకునే రోజుల్లో, నేను దాని గురించి గొప్పగా చెప్పబోతే ఆమె ఒక్క మాటతో తేల్చేసింది: "ఏముండాది నాయనా దాంట్లో? మన ఏనుక్కే బొచ్చంటించినారు. అది నడిచేది చూస్తే తెలీదా?"

ఆ మాటలో ఉన్న విమర్శ నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు. డబ్బున్న చిత్రం తన అబద్ధాన్ని దాచుకోగలదు. చౌకచిత్రం దాచుకోలేదు, నడక పట్టిస్తుంది. కాలం మరచిపోయిన జీవి అని చూపిస్తున్నది నిజానికి నిన్న గుడి ముందు నిలబడి అరటిపండు తిన్న ఏనుగే. పేరు దగ్గరా ఇదే తమాషా ఉంది. ఆంగ్లంలో 'జంగిల్' అంటే నాగరికత అడుగు పెట్టని చోటు. తమిళంలో 'కాడు' అంటే అడవి నిజమే, కాని కొంగునాట మెట్టచేనును కూడా 'కాడు' అనే అంటారు. అమెరికా ప్రేక్షకుడు ప్రాణాలరచేతిలో పెట్టుకుని చూసే చోటికి మా కోయంబత్తూరు రైతు రోజూ సద్దిమూటతో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తాడు.

ఈ చిత్రాల మీద నా ప్రధానమైన ఆక్షేపణ బొమ్మల నాసిరకం గురించి కాదు. వాటి కథలో మూడు పొరపాట్లున్నాయి. ఒకటి, ద్వీపంలో కాలం నడవదని అనుకోవడం. కోట్ల సంవత్సరాలు ఒకచోట బతికిన ప్రాణి మారకుండా ఎలా ఉంటుంది? రెండు, ద్వీపవాసులకు మాట లేకపోవడం. మనుషులుంటే వాళ్ళు మూలుగుతారు, లేదా రెండో రీలుకే వచ్చినవాళ్ళ భాష నేర్చేసుకుంటారు. వాళ్ళు తమలో తాము ఏమనుకుంటారో మనకు వినిపించదు. మూడు, ముగింపులో ద్వీపం నాశనం కావడం. 'లాస్ట్ కాంటినెంట్' అలాగే ముగుస్తుంది. కనుగొన్నవాడికి జ్ఞాపకం మిగిలితే చాలు, కనుగొనబడినది మిగలనక్కరలేదు.

మన జానపద చిత్రాల్లోనూ ద్వీపాలున్నాయి. బి. విఠలాచార్య 1965లో 'జ్వాలాద్వీప రహస్యం' తీశారు. ఆయనవీ తక్కువ ఖర్చు చిత్రాలే. పారితోషికం దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి కథలో మేకగానో చిలుకగానో మార్చేసేవారని ఆయన పొదుపు గురించి చెప్పుకుంటారు. కాని మన ద్వీపం పని వేరు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. అక్కడికి వెళ్ళేవాడు గతాన్ని చూడడానికి వెళ్ళడు. ఇక్కడ ఇంటిలో బందీగా ఉన్నవాళ్ళను విడిపించడానికి వెళతాడు. అక్కడ మాట్లాడే చెట్టు ఉంటుంది, దారి చెప్పే పేదరాసి పెద్దమ్మ ఉంటుంది. ఆ దీవికీ ఈ ఊరికీ సంబంధం తెగదు.

ఇక మన సంగతి. భాషాశాస్త్రంలో 'భాషాద్వీపం' అన్న మాట ఉంది. చుట్టూ వేరొక భాష ఉండగా మధ్యలో మిగిలిన భాషాసమాజం అని అర్థం. ఈ మాట నేనూ తరగతిలో వాడాను. వాడిన కొద్దీ అనుమానం పెరిగింది. ఉత్తరం నుంచి టేప్‌రికార్డరుతో వచ్చే మిత్రులు మా పల్లెల్లో 'కృష్ణదేవరాయల నాటి తెలుగు' చెక్కుచెదరకుండా ఉందని సంబరపడతారు. మావాళ్ళూ సభల్లో అదే చెప్పుకుని మురిసిపోతారు. ఒక వాక్యం తీసుకుందాం: "కొట్టాయిలో రొంబ జనం ఉండారు." ఇందులో 'కొట్టాయి' తమిళ 'కొట్టగై' వాడుకరూపం. దానికి చేరిన 'లో' మనది. 'రొంబ' తమిళం. 'జనం' సంస్కృతం. 'ఉండారు' చిత్తూరు జిల్లాలోనూ వినిపించే దక్షిణపు పోకడ. ఈ వాక్యంలో మామత్ ఎక్కడుంది? ఉన్నది ఏనుగే. బతికి, తిరిగి, దొరికినది తిని, ఈ నేల మీద నడక నేర్చిన ఏనుగు. బొచ్చు మనం అంటించినది.

చరిత్ర చెప్పేదీ ఇదే. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 దాకా సాగిన మధుర నాయకరాజ్యంలో తెలుగు దాచుకున్న సొమ్ములా పడి లేదు. విజయరంగ చొక్కనాథుడు స్వయంగా వచనంలో మాహాత్మ్యాలు రచించాడు. సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతాన్ని వచనంలో రచించాడు. మూలభూమిలో పద్యం రాజ్యమేలుతున్న కాలంలో వచనానికి పెద్దపీట వేసింది ఈ 'ద్వీపమే'. మన కాలానికి వస్తే, తెలుగు మాతృభాషగా గల కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' (1976)లో ఉత్తరం నుంచి తరలివచ్చి ఊరు కట్టుకున్న తెలుగువారి కథను తమిళంలో చెప్పారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ద్వీపవాసి తన రాకను తానే చెప్పుకున్న కథ అది. లుప్తద్వీప చిత్రాల్లో లేనిది సరిగ్గా ఆ గొంతే.

ఇది పండితుల పట్టింపు మాత్రమే కాదు. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి పాఠ్యభాషాంశం చేసింది. అల్పసంఖ్యాక భాషలవారు మినహాయింపుల కోసం న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. తమిళం నేర్వడం నష్టమని నేననను. నాకు అది రెండో మాతృభాష. కాని అక్కడ మన వాదన ఏమిటన్నది ముఖ్యం. మా తెలుగు శిలాజం అని మనమే చాటితే, శిలాజానికి అద్దాల బీరువా చాలు, బడి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నడిచే ఏనుగుకైతే మేత కావాలి, నీళ్ళు కావాలి, దారి కావాలి.

నిజమైన రాక్షసబల్లుల గురించి ఒక మాటతో ముగిస్తాను. గోదావరి లోయలో కోట శిలల్లో దొరికిన ఒక బల్లికి 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఉంది. తమిళనాడులో అరియలూరు దగ్గర కూడా అలాంటి ఎముకలు బయటపడ్డాయి. అరియలూరు ప్రాణుల కాలానికి భారతభూమి ఆసియాతో ఇంకా కలవలేదు, సముద్రం మధ్య కదులుతూ ఉంది. అంటే బల్లులున్న ఆ లుప్తద్వీపం వేరెక్కడో లేదు, మనం నిలబడ్డ నేలే అది. అదీ ఆగిపోలేదు, కదిలి వచ్చి కలిసింది. మా అవ్వకు ఈ సంగతి తెలియదు. నడక చూసి ప్రాణిని గుర్తుపట్టాలని మాత్రం ఆమెకు తెలుసు. మన ప్రాంతపు తెలుగును పరిశీలించబోయే విద్యార్థులు ముందుగా నేర్వవలసినది అదేనని నా అభిప్రాయం.