కొండ మీద పెళ్లి: కట్టుకునేవి, మోసుకెళ్లేవి

ఫంక్షన్ హాలు, వందల మంది చుట్టాలు, భోజనాల బంతులు ఏవీ లేకుండా వధూవరులిద్దరే, మహా అయితే ఒక ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని, కొండెక్కి చేసుకునే పెళ్లిని అమెరికాలో ఎలోప్‌మెంట్ అంటున్నారు. పెద్దలకు చెప్పి, వాళ్ల దీవెనలు తీసుకునే చాలా జంటలు ఇలా చేసుకుంటున్నాయి. ఇందుకు పేరుపడ్డ చోటు కొలరాడో. అక్కడి చట్టం ప్రకారం పెళ్లి జరిపించడానికి పురోహితుడో న్యాయమూర్తో ఉండి తీరాలని లేదు. దంపతులు తమ లైసెన్సు మీద తామే సంతకం చేసుకోవచ్చు. డెన్వర్ నుంచి గంటన్నర ప్రయాణంలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు ఉంది. అక్కడ స్ప్రేగ్ లేక్, లిలీ లేక్ వంటి కొన్ని చోట్లను పెళ్లిళ్ల కోసం కేటాయించారు. ముందుగా పర్మిట్ తీసుకోవాలి. డెన్వర్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు జంటలకు ఇవి దగ్గరి కొండలు.

ఇక్కడ బట్టల ఎంపిక చలి లెక్కతో మొదలవ్వాలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో 27 డిగ్రీల హాయైన పగలు ఉన్నప్పుడు, 3,713 మీటర్ల దాకా ఎక్కే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద 13 డిగ్రీలే ఉండొచ్చు. అదీ గాలి లేకపోతే. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 7 లాగా తగులుతుంది. ఎత్తైన చోట్ల జూన్‌లో కూడా కాలిబాటల మీద మంచు మిగిలి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, పిడుగులతో వాన దిగుతుంది. అందుకే కొండ మీద పెళ్లిళ్లు ఎక్కువగా సూర్యోదయం వేళకు పెట్టుకుంటారు. సూర్యోదయమంటే రోజు మొత్తంలో ఎక్కువ చలి ఉండే వేళ.

చాలామంది దృష్టికి రాని సంగతి ఒకటుంది. కొండ ఎక్కుతున్నంతసేపూ ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. పైకి చేరాక జరిగే పెళ్లిలో చేసేదంతా నిలబడడం, కూర్చోవడం, ఫొటోల కోసం కదలకుండా ఉండడం. చెమటకు తడిసిన బట్టలతో చలిగాలిలో గంటసేపు నిలబడితే పళ్లు టకటకా కొట్టుకుంటాయి, ముహూర్తానికి తాళి ముడి వేయాల్సిన వేళ్లు కొంకర్లు పోతాయి. కాబట్టి నడకకు ఒక జత, నిలబడడానికి ఇంకో జత అనుకుని సర్దుకోవాలి. ఎక్కేటప్పుడు కాస్త చలి వేస్తున్నట్టే ఉండాలి. పైకి చేరగానే ఒంటిని అంటుకున్న బనీను, సాక్సులు మార్చుకోవాలి. ఆ తర్వాతే పెళ్లి బట్టలు.

ఒంటిని అంటుకుని ఉండే ఆ మొదటి పొరే అన్నిటికన్నా ముఖ్యం. మన ఎండల్లో ప్రాణం నిలబెట్టే నూలు బట్ట ఈ కొండల మీద పగబడుతుంది. తడి పీల్చుకుంటుంది, త్వరగా ఆరదు, ఒంటి వేడినంతా లాగేస్తుంది. మెరినో ఊలుతో చేసిన సన్నని బనీను, లెగ్గింగ్ కొద్దిగా తడిసినా వెచ్చగానే ఉంటాయి. పలచని పట్టు లోదుస్తులు కూడా పనికొస్తాయి. వాటిపైన ఫ్లీస్, దానిపైన గాలిని, వానను ఆపే జాకెట్ ఉండాలి. ఈ మూడు పొరల్లో పెళ్లి బట్ట ఎక్కడ ఇమడాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి చీర ఇచ్చినంత మంచి జవాబు ఇంకో పెళ్లి బట్ట ఇవ్వదు. తెల్లగౌనుకు వెనక జిప్పు ఉంటుంది, నేల మీద ఈడ్చే తోక ఉంటుంది, ముళ్లపొదకు చిక్కుకునే వల ఉంటుంది. ఒంటి కొలతకు కుట్టింది కనుక లోపల ఉన్ని దుస్తులు వేస్తే పట్టదు. చీర అయిదున్నర మీటర్ల చదునైన బట్ట. చుట్టి సంచిలో పెడితే కొద్ది చోటే పడుతుంది. లోపల ఎన్ని పొరలున్నా వాటి మీదే కట్టుకోవచ్చు. పైటను అవసరమైతే శాలువాలా భుజాల చుట్టూ తిప్పుకోవచ్చు. రంగు, అంచు బయటికి కనిపిస్తాయి. లోపల ఊలు లెగ్గింగ్ ఉన్న సంగతి ఏ ఫొటోలోనూ తెలియదు.

అయితే ఏ చీర అన్నదాంట్లో జాగ్రత్త కావాలి. బరువైన జరీతో నేసిన కంచి, ధర్మవరం చీరలు ఇంటి దగ్గర జరిగే పెళ్లికి తగినవి. వీపున మోసుకుని ఎక్కడానికీ, గాలిలో అదుపు చేసుకోవడానికీ తేలికపాటి ఉప్పాడ పట్టు గానీ, జరీ తక్కువ ఉన్న పోచంపల్లి పట్టు గానీ మేలు. మరీ పలచని జార్జెట్, షిఫాన్‌లు గాలికి జెండాల్లా ఎగిరి ముఖాన కొడతాయి. రవిక పొడుగు చేతులది, థర్మల్ బనీను మీద సరిపోయేలా అంగుళం వదులుగా కుట్టించుకోవాలి. మఖ్మలు రవికకు లోపల అస్తరు వేయిస్తే వెచ్చగానూ ఉంటుంది, పెళ్లికళా తగ్గదు. లంగాకు బదులు, లేదా లంగా కింద, లోపలివైపు ఫ్లీస్ ఉన్న లెగ్గింగ్ వేసుకోవాలి.

కట్టే తీరు కూడా ఆలోచించాల్సిందే. మామూలుగా కుచ్చిళ్లు పోసుకుని కాలిబాట మీద నడిస్తే అంచు బూటు కింద పడుతుంది. తెలంగాణ పల్లెల్లో పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లు కట్టే గోచీ కట్టు ఇక్కడ బాగా పనికొస్తుంది. కాళ్లు విడివిడిగా కదులుతాయి, అంచు మడమ పైనే ఉంటుంది, రాళ్ల మీద అడుగు ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. అలవాటు లేనివాళ్లు బయలుదేరే ముందు ఇంట్లో కట్టి, మెట్లెక్కి దిగి చూసుకోవడం అవసరం. పైటకు భుజం దగ్గర, నడుం దగ్గర పిన్నీసులు పెట్టుకోవాలి. డజను పిన్నీసులు సంచిలో అదనంగా ఉండాలి. రంగు విషయంలో ఒక్క మాట. సెప్టెంబరు చివర ఆస్పెన్ చెట్లు పసుపు తిరిగినప్పుడు పసుపు చీర ఆ చెట్లలో కలిసిపోతుంది. మెరూన్, నిండు ఆకుపచ్చ, వంగపండు రంగు బూడిద రంగు రాళ్ల ముందు నిలుస్తాయి.

వరుడికి పని సులువు. సూటు వేసుకుంటే నార బట్టది కాకుండా ఊలుది ఎంచుకోవాలి. పంచె కట్టుకుంటే కింద థర్మల్ ప్యాంటు, లాల్చీ కింద మెరినో బనీను. కండువాకు పిన్నీసు తప్పనిసరి. మధుపర్కాలు పలచని నూలువైతే వాటిని విడిదిలోనే కట్టుకుని ఆ తంతు ముగించడం ఉత్తమం. ఇద్దరికీ చెరొక దళసరి ఉన్ని శాలువా ఉండాలి. ఫొటోకూ ఫొటోకూ మధ్య కప్పుకునేది అదే.

కాళ్లకు బూట్లే. చీర కింద బూట్లేమిటని మొహమాటపడి చెప్పులు వేసుకున్నవాళ్ల కాళ్లు తడి మంచులో పది నిమిషాల్లో తిమ్మిరెక్కుతాయి. కొత్త బూట్లు పెళ్లి రోజున మొదటిసారి వేసుకోకూడదు. ముందు కొన్ని వారాలు వాటితో నడిచి పాదానికి అలవాటు చేయాలి. ఊలు సాక్సులు రెండు జతలు కావాలి. గట్టిపడ్డ మంచు మీద బూటుకు తొడిగే ఇనుప ముళ్ల గొలుసులు, అంటే మైక్రోస్పైక్స్, పట్టు ఇస్తాయి.

మెట్టెలు బూటులో వేలిని నొక్కి పుండు చేస్తాయి. అందుకే మెట్టెలు పెట్టడం విడిదికి తిరిగొచ్చాక చేసుకోవాలి. పారాణి కూడా అంతే. సాక్సుల్లో తడిసి బట్టలకు అంటుతుంది. ఎత్తుకు నడిచేటప్పుడు చేతివేళ్లు కొంత వాచడం మామూలే, కాబట్టి ఉంగరాలు, మంగళసూత్రం జిప్పు ఉన్న చిన్న సంచిలో పెట్టి, ఆ సంచిని జాకెట్ లోపలి జేబులో ఉంచుకోవాలి. పెద్ద హారాలు, వడ్డాణం, పూలజడ ఇంట్లోనే ఉంచేయాలి. మల్లెలు చలికి నల్లబడతాయి. బాసికం మాత్రం తేలిక, దారంతో నుదుటికి కట్టేది కనుక గాలికి పోదు. పెళ్లికూతురని చూడగానే చెప్పే గుర్తు కూడా. జుట్టు వదిలేయకుండా ముడి వేసుకుంటే గాలితో గొడవ ఉండదు.

ఎత్తున ఎండ చురుకు ఎక్కువ. మేఘాలున్నా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. మంచు ఎండను ముఖం మీదికి తిప్పికొడుతుంది, కాబట్టి చలువ కళ్లద్దాలు, పెదవులకు బామ్ చేతికందేలా ఉండాలి. ఇనుప పొడితో వేడెక్కే చేతి ప్యాకెట్లు గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తాయి. పైన ఆక్సిజన్ తక్కువ కాబట్టి వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అందువల్ల వాటిని అవసరానికి ముందే విప్పాలి. ఫోను, కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి. అవి ఒంటికి దగ్గరగా ఉండే జేబులో ఉండాలి.

పెళ్లి సామాను దగ్గర పార్కు నియమాలు తెలిసి ఉండాలి. బియ్యం, పూలరేకులు చల్లడం అక్కడ నిషేధం, కాబట్టి తలంబ్రాలు విడిదిలోనే. నిప్పు రాజేయడం కుదరదు కనుక హోమం కూడా పైన లేదు. జీలకర్ర బెల్లం చిన్న డబ్బాలో పట్టుకెళ్లొచ్చు. తమలపాకు మీద పెట్టి తల మీద ఉంచాక ఆకుతో సహా తిరిగి డబ్బాలోకే చేర్చాలి. బెల్లం వాసనకు ఉడతలు వస్తాయి, వాటికి తిండి పెట్టడం పార్కులో నేరం. చెట్లు పెరగని ఎత్తులో రాళ్ల మధ్య పాకే మొక్కలు ఒక్కసారి తొక్కితే కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడతాయి. ఫొటో కోసమైనా బాట దాటకూడదు. డ్రోన్ ఎగరేయకూడదు. నడిరాత్రి ముహూర్తాలు కొండకు పనికిరావు. పగటి ముహూర్తం పెట్టించుకోవడమే క్షేమం.

ఉపవాసం సంగతి విడిగా చెప్పుకోవాలి. పెళ్లయ్యేదాకా వధూవరులు ఏమీ తినకుండా ఉండే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది. 2,500 మీటర్లు దాటాక ఖాళీ కడుపుతో, నీళ్లు తాగకుండా ఎక్కితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పల్లీ చిక్కీ, ఖర్జూరం, నువ్వుండలు, థర్మాస్‌లో వేడి టీ, మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు తీసుకెళ్లాలి. సముద్రమట్టానికి దగ్గర ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నేరుగా పైకి ఎక్కకుండా, సుమారు 2,290 మీటర్ల ఎత్తున ఉన్న ఎస్టెస్ పార్క్ పట్టణంలో ఒకటి రెండు రాత్రులు ఆగాలి. తలనొప్పి, వికారం పెరుగుతుంటే పెళ్లి ఆపి అయినా సరే కిందికి దిగాలి. ఫొటోల కోసం ఓర్చుకుందామనుకునే జంటకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

సియాటిల్‌లోని ది మౌంటెనీర్స్ క్లబ్ 1930లలో పర్వతారోహణ నేర్చుకునేవాళ్ల కోసం పది అవసరాల జాబితా తయారు చేసింది. 1974లో ఆ క్లబ్ పుస్తకం ఫ్రీడమ్ ఆఫ్ ది హిల్స్ మూడో కూర్పులో అది అచ్చయింది. మ్యాపు, దిక్సూచి, తలకు కట్టుకునే లైటు, ఎండ నుంచి రక్షణ, ప్రథమ చికిత్స మందులు, చాకు, అగ్గి, అదనపు తిండి, నీళ్లు, బట్టలు, తలదాచుకునే కప్పు వంటివి ఇప్పటి జాబితాలో ఉంటాయి. పెళ్లి రోజైనా ఇందులో ఏదీ తగ్గించకూడదు. ముఖ్యంగా లైటు ప్రతి మనిషికీ ఒకటి ఉండాలి. సూర్యోదయం పెళ్లికి చీకట్లో ఎక్కాలి, సూర్యాస్తమయం పెళ్లికి చీకట్లో దిగాలి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం గానీ, ఆ సౌకర్యం ఉన్న ఫోను గానీ వెంట ఉండాలి. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్నింటికి తిరిగొస్తున్నదీ కింద ఉన్న ఒకరికి రాసి ఇవ్వాలి. సూర్యోదయం పెళ్లైతే, పిడుగుల భయం వల్ల, మధ్యాహ్నం పన్నెండు లోపు చెట్లున్న ఎత్తుకు దిగిపోవాలి.

ఇవన్నీ ఇద్దరికీ చెరో 40 లీటర్ల సంచిలో పడతాయి. చీరను మడతలు పెట్టకుండా మల్లు గుడ్డలో చుట్టి, నీళ్లు చొరని సంచిలో వేసి, అన్నిటికీ పైన పెట్టాలి. మడత గట్టిగా పడితే జరీ విరుగుతుంది. సూదీ దారం, తడి తుడిచే గుడ్డ, చెత్త వేసుకునే కవరు పక్క జేబులో ఉండాలి. బట్టలు మార్చుకునే చోటు పైన ఉండదు కనుక ఒక వెడల్పాటి దుప్పటి ఉంటే దాని చాటున మార్చుకోవచ్చు. బరువు సమానంగా పంచుకోవాలి. పెళ్లికూతురి సామాను మొత్తం ఆమె సంచిలోనే వేయడం న్యాయం కాదు.

ఇక పెళ్లి లైసెన్సు. బయలుదేరే ముందే దాన్ని కొలరాడోలోని కౌంటీ క్లర్కు ఆఫీసులో, గుర్తింపు కార్డులు చూపించి, 30 డాలర్లు కట్టి తీసుకోవాలి. అది 35 రోజులు చెల్లుతుంది. నీళ్లు తగలని కవరులో, కింద గట్టి అట్టతో, రెండు నల్ల సిరా పెన్నులతో పాటు పెట్టుకోవాలి. సంతకాలైన కాగితాన్ని పెళ్లి రోజు నుంచి 63 రోజుల లోపు క్లర్కు ఆఫీసుకు తిరిగి చేర్చాలి. పెళ్లి రికార్డుకెక్కాక ఇచ్చే ధ్రువీకరించిన నకళ్లు వీసా, పాస్‌పోర్టు పనులకు మళ్లీ మళ్లీ అడుగుతారు కనుక రెండు మూడు ఒకేసారి తీసుకోవడం మంచిది.