తెర వెనుక స్త్రీలు: నీడబొమ్మల చరిత్రపై ఒక పరిశీలన

యానిమేషన్ అనగానే మీలో చాలామందికి 1937 నాటి డిస్నీ చిత్రం ‘స్నో వైట్’ గుర్తుకు వస్తుంది. అంతకు 11 ఏళ్ళ ముందే, 1926లో, జర్మన్ కళాకారిణి లోటె రైనిగర్ ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ చిత్రాన్ని పూర్తిచేశారు. నేడు లభిస్తున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అత్యంత పాతది. నల్లని అట్టను కత్తిరించి, కీళ్ళు అమర్చి, కింది నుంచి వెలుగు పడే గాజుబల్లపై బొమ్మను రవ్వంత కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమునే చిత్రించడం ఆమె పద్ధతి.

దీనిని మన తోలుబొమ్మలాటతో పోల్చండి. రెండింటిలోనూ కీళ్ళున్న బొమ్మ, దాని వెనుక వెలుగు ఉన్నాయి. అయితే తోలుబొమ్మ రంగులతో కనిపిస్తుంది, రైనిగర్ బొమ్మ నల్లని నీడగానే ఉంటుంది. తోలుబొమ్మలాట బృందం సాధారణంగా ఒక కుటుంబమే. సీత, ద్రౌపది వంటి పాత్రల మాటలు, పాటలు స్త్రీలే పలుకుతారు. అయినా లోకానికి తెలిసేది ఎక్కువగా బృందనాయకుడి పేరే.

ఈ రెండు విస్మరణలు ఒకటి కావని గమనించండి. రైనిగర్ చిత్రం మిగిలింది కనుక, దానిని చూసి చరిత్రను సరిదిద్దవచ్చు. తోలుబొమ్మకు గొంతునిచ్చిన స్త్రీ కళ ఆ రాత్రితోనే ముగుస్తుంది. కాబట్టి ‘మొదట ఎవరు?’ అనే ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఎవరి పని నమోదు కాలేదు?’ అని కూడా విమర్శకుడు అడగాలి.

అభ్యాసం: కల్వకుర్తి పరిసరాల్లోనో, మీ ఊళ్ళోనో బొమ్మలాట చూసిన పెద్దలను కలవండి. ఆడ పాత్రలకు పాడింది ఎవరో అడిగి రాసుకోండి.