పదోవాడు

ఆ ఫిబ్రవరిలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. తెల్లారి ఆరింటికే పక్కింటి పెద్దాయన కారు అద్దం మీద మంచు గీకుతూ కనిపించేవాడు. ఇంత చలిలో ఎక్కడికండీ అంటే, ‘‘లెక్కకి’’ అన్నాడు. ఓ రోజు నేనూ వెంట వెళ్లాను.

యూదులకు రోజుకు మూడు పూటలా ప్రార్థన. ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చు. కానీ అందులో కొన్ని భాగాలు పదమూడేళ్లు నిండినవాళ్లు పదిమంది కూడనిదే పలకకూడదు. ఆ పదిమందినే మిన్యాన్ అంటారు.

మేం సినగాగ్‌కి, అంటే వాళ్ల ప్రార్థనా మందిరానికి, వెళ్లేసరికి పెద్దాయనతో కలిపి తొమ్మిదిమంది. ముందు వరసలో ఓ కుర్రాడు, తల్లి పోయి తొమ్మిదో నెల. కన్నవాళ్లు పోతే పదకొండు నెలలు రోజూ కదీష్ చెప్పాలి. అరమాయిక్ భాషలో దేవుణ్ణి పొగడడమే తప్ప చావు మాట అందులో ఒక్కటీ లేదు. పదోవాడు రాకపోతే అదీ లేదు. అతని చేతిలో పుస్తకం తెరిచే ఉంది, చూపు మాత్రం తలుపు మీద.

మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరట. ఇరవై ఎనిమిదో కీర్తన చివరి వాక్యంలో హీబ్రూలో సరిగ్గా పది మాటలున్నాయి. మనిషికో మాట చొప్పున పెద్దాయన గొణుక్కుంటూ వచ్చి తొమ్మిదో మాట దగ్గర ఆగాడు. కళ్లంలో ధాన్యం కొలుస్తూ ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలెట్టే మా తాత గుర్తొచ్చాడు.

నేను కళ్లెదుట కూర్చునే ఉన్నాను, లెక్కలో లేను. అది న్యాయమే. కానీ తెర అవతల ఓ పెద్దావిడ పుస్తకం చూడకుండా ప్రార్థన మొత్తం చదువుతోంది. ఆవిడా లెక్కలో లేదు. కన్సర్వేటివ్ శాఖ వాళ్లు 1973లోనే ఆడవాళ్లను మిన్యాన్‌లో కలుపుకోవచ్చన్నారు. ఇది ఆర్థడాక్స్ సినగాగ్. నాకది మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

పెద్దాయన ఫోన్ తీశాడు. పళ్ల డాక్టరు ఎత్తలేదు. ప్లంబరు ఎత్తాడు. ‘‘నీ పుణ్యం కోసం కాదయ్యా, ఈ అబ్బాయి కోసం రా. కాఫీ నేను పోయిస్తా.’’ పెట్టేసి నాతో అన్నాడు: తొమ్మిదిమంది రబ్బీ గురువులున్నా మిన్యాన్ కాదు, పదిమంది చెప్పులు కుట్టేవాళ్లుంటే అవుతుందని వాళ్లలో సామెతట. పాత మిష్నా గ్రంథంలో ఇంకో తమాషా ఉంది. ఏ ఊరు పట్నం, ఏది పల్లె? పనిపాటలు పక్కనబెట్టి ఎప్పుడు పిలిచినా వచ్చే పదిమంది ఉంటే పట్నం, లేకపోతే పల్లె. ఈ లెక్కన మా ఊరి రచ్చబండ ఒక్కటే మూడు పట్నాల పెట్టు.

ప్లంబరు తడి జుట్టుతోనే పరుగున వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, ఎడమ చేతికి తెఫిలిన్ తోలు పట్టీ చుట్టుకోవడం మొదలెట్టాడు. ఎవరూ ఆలస్యమేమని అడగలేదు. తరవాత కాసేపటికి కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఒక్క నిమిషం పట్టిందేమో.

తిరిగొస్తూ కారులో చెప్పాను: మా గుంటూరు దగ్గర, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం వాళ్లున్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే, చిన్న సినగాగ్ కూడా ఉంది అని. వాళ్లెక్కణ్ణుంచి వచ్చారు, ఇజ్రాయెల్ ఒప్పుకుందా, ఏమైనా అడుగుతాడనుకున్నాను.

ఎర్ర దీపం దగ్గర బండి ఆపి నావైపు తిరిగాడు. ‘‘పొద్దున్నపూట పదిమంది తేలతారా?’’