కల్లం కావలి, దెయ్యం సినిమా

మిరప కల్లాల కాలంలో మా వైపు ఊళ్ళు రాత్రిళ్ళు సరిగా నిద్రపోవు. పర్చూరు, ఇంకొల్లు, పెదనందిపాడు, ఎటు వెళ్ళినా ఆరబోసిన కాయ పక్కన మంచం వాల్చుకుని ఎవరో ఒకరు కావలి ఉంటారు. ఒకప్పుడు వాళ్ళకు తోడు రేడియో, ఇప్పుడు ఫోను. అందులో దెయ్యం సినిమా పెట్టుకుని దుప్పటి ముసుగేసుకునే కుర్రాళ్ళంటే నాకు చెప్పలేనంత ఇష్టం. నేనూ ఆ జాతివాడినే. పేరున్న హీరోలు లేని, కొద్దిపాటి డబ్బుతో తీసిన వాటినే ఓటీటీల్లో వెతుక్కుని మరీ చూస్తాను.

‘పారానార్మల్ యాక్టివిటీ’ని ఓరెన్ పెలి తన సొంత ఇంట్లో, వారం రోజుల్లో, దాదాపు 15,000 డాలర్లతో తీశాడు. పడగ్గదిలో కదలకుండా నిలబెట్టిన కెమెరా, నిద్రపోతున్న ఇద్దరు, తెరిచి ఉన్న తలుపు. చాలాసేపు ఏమీ జరగదు. మన కళ్ళే ఆ తలుపు అవతల చీకట్లో వెతకడం మొదలుపెడతాయి. నిర్మాత కొనలేకపోయిన దెయ్యాన్ని మనమే తెచ్చి అక్కడ నిలబెడతాం. అందుకే నా లెక్కలో చిన్న దెయ్యం సినిమాకు సగం పెట్టుబడి చూసేవాడిదే. లైట్లు ఆర్పాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఓపిక పట్టాలి.

తెర మీద రెండుసార్లు తట్టి పది సెకన్లు ముందుకు దూకే అలవాటు ఈ సినిమాల ప్రాణం తీస్తుంది. 2022లో సాయికిరణ్ తీసిన ‘మసూద’ రెండున్నర గంటల పైమాటే. ముందు చాలాసేపు ఒక తల్లీకూతుళ్ళ కాపురం, పక్కింటి పిరికి కుర్రాడు, వాళ్ళ చిన్నచిన్న ఇబ్బందులు. తల్లిగా సంగీత ముఖంలోని అలసటను మనం నమ్మాక, ఆ పిల్ల మారిపోయినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ ముందరి భాగం దాటేసినవాడికి మిగిలేవి అరుపులే. యండమూరి ‘తులసిదళం’ నవల సీరియల్‌గా వచ్చినప్పుడు పాఠకులు వారమంతా భయాన్ని కడుపులో దాచుకుని తిరిగారు. ఆ ఓపిక మనకు కొత్తేం కాదు.

‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబరులో థియేటరుకు వెళ్ళకుండా నేరుగా హాట్‌స్టార్‌లోకి వచ్చింది. కామెడీ వేషాల సత్యం రాజేశ్ అందులో ఆటో నడుపుకునే మనిషి. రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లకెక్కింది. దర్శకుడు అనిల్ విశ్వనాథ్‌కు గ్రాఫిక్స్ కన్నా ఊరే ఎక్కువ పని చేసిపెట్టింది. నాలుగు రోడ్ల కూడలిలో కుంకుమ అద్దిన నిమ్మకాయ కనబడితే మనవాళ్ళు పక్కకు తప్పుకుని నడుస్తారు. దానికి రూపాయి ఖర్చు లేదు, వివరించే పనీ లేదు.

అయితే ఇలా ఊరి నమ్మకాలను వాడుకునే చోటే నాకు కోపం వచ్చే సందర్భాలూ ఉన్నాయి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘోరాలు తెలుగు నేల మీద జరిగాయి. ఊరి చివర ఒంటరి ముసలమ్మను చూపించి, అన్నీ ఈమే చేసిందని తేల్చేసే సినిమాను నేను మధ్యలోనే ఆపేస్తాను. అనుమానం ఇంటింటికీ ఎలా పాకుతుందో చూపించేవాళ్ళు కావాలి. అసలు భయం అందులోనే ఉంది.

మా మిరప నేల మీద ఇలాంటి చిన్న దెయ్యం సినిమా ఎవరైనా తీస్తే బాగుండునని ఎంత కోరికో! గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిరప టిక్కీలు (బస్తాలు) కప్పు దాకా పేర్చి ఉంటాయి. చలి, మసక వెలుతురు, ముక్కుపుటాలు మండించే ఘాటు. అక్కడ దాక్కున్నవాడు దగ్గు ఆపుకోలేడు. ఇళ్ళలో దిష్టి తీసి పొయ్యిలో వేసిన మిరపకాయల ఘాటు రాకపోతే పెద్ద దిష్టే తగిలిందని అమ్మలు చెప్పే సంగతి మనందరికీ తెలుసు. ఇక ఆ బస్తాల మధ్య నలుగురు హమాలీల్లో ముగ్గురు దగ్గుతుంటే, ఒక్కడు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటూ నిలబడితే చాలు. దెయ్యం ఎవరో మా ఊళ్ళో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.