ఇగిరితేనే తాపా

మా అన్నయ్య కూతురు మాంసాన్ని కడిగి, తడి లేకుండా గుడ్డతో అద్ది, ముద్ద ముద్దగానే ఫ్రీజర్‌లో పెట్టింది. కొట్టువాడు అలవాటుగా కూర ముక్కలు కొట్టబోతే ఆపి, తొడభాగం అరకిలో ఒకే ముద్దగా తెచ్చుకుంది. "ముప్పావుగంట ఆగు బాబాయ్, బిగుసుకుంటే చెప్పినట్టు వింటుంది" అంది. డాక్టరు చదువుకు ఫిలిప్పీన్స్‌లోని దావావ్ వెళ్ళి వచ్చిన తెలుగు పిల్లల్లో ఇదొకతి. పట్టాతోపాటు పట్టుకొచ్చిన పొద్దుటి తిండి తాప్సిలోగ్. తాపా అంటే ఊరబెట్టిన మాంసం, సినంగాగ్ అంటే వెల్లుల్లి అన్నం, ఇత్లోగ్ అంటే గుడ్డు. మూడు మాటల ముక్కలు అతికితే ఒక పేరు. మనీలా పక్కన మరికినాలో వివియన్ డెల్ రొసారియో నడిపిన చిన్న హోటలు 1980ల్లో ఈ పేరును జనం నోళ్ళలో వేసిందంటారు.

శనివారం సాయంత్రం గుణదలలో వాళ్ళింటి వంటగదిలో నేను చూసిన పనితనమంతా కత్తిపీట దగ్గరే ఉంది. సగం గడ్డకట్టిన ముద్దను ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసింది. కండకు పోగులుంటాయి, నేతగుడ్డకు ఉన్నట్టే. పోగు పొడవునా కోస్తే ముక్క నోట్లో తాడైపోతుంది. పోగుకు అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలోనూ పోగులు పొట్టిగా తెగి, పంటికింద ఇట్టే విడిపోతాయి. ఆ వాలు దొరికాక పీటమీద కూర్చుని, ముద్దను రెండు చేతులా పట్టి అలుగు మీదికి తోసింది. దావావ్‌లో చాకుతో కోసేదట. వాళ్ళమ్మ కత్తిపీట ఇంతకన్నా నిలకడగా ఉందంది. రెండు రూపాయి బిళ్ళలు పేర్చినంత మందం, ఒక్క ముక్కా గతి తప్పలేదు. మందం తేడా వస్తే రేపు మూకుట్లో ఒకటి మాడుతుంది, ఒకటి నానుతుంది. వేళ్ళు చల్లబడి మొద్దుబారితే నడుమ రెండుసార్లు లేచి గోరువెచ్చని నీళ్ళలో ముంచుకుని వచ్చింది.

ఆ పలచని పేలికలు చూసి వదిన, "ఇవి మా తునకలేగా" అంది. నిజమే. ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండకట్టి దాచుకునే మాంసం మనకూ ఉంది. తెలంగాణలో ఒట్టి తునకలంటారు, దోసకాయతో వండితే ఆ రుచే వేరు. తాపా కూడా ఫ్రిజ్‌లు లేని కాలంలో ఎండకు పుట్టిందే. అడవిపందినీ దుప్పినీ కూడా అలాగే ఉప్పు పెట్టి నిలవ చేసేవారు. ఇప్పుడు అక్కడ చాలా ఇళ్ళలో ఎండ పని తప్పిపోయింది, ఊరబెట్టడం మాత్రం మిగిలింది.

ఆవు మాంసానికి బదులు ఇక్కడ దొరికేది గేదె మాంసమే. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవును కొయ్యనివ్వదు. గేదె మాంసం ఫిలిప్పీన్స్‌కేమీ కొత్త కాదు. కారబావ్ అని వాళ్ళకూ దున్నే గేదెలున్నాయి. పైగా మన దేశం నుంచి గడ్డకట్టిన గేదె మాంసం ఓడలెక్కి వెళ్ళి, అక్కడి ఫ్యాక్టరీల్లో కార్న్‌డ్ బీఫ్ డబ్బాలకెక్కుతుంది. గేదె కండ కాస్త ముదురు, కొవ్వు తక్కువ. అందుకే ఆ పలచని కోతకు ఇక్కడ ఇంకా విలువ.

ఊరబెట్టడానికి పొట్టు ఒలిచిన వెల్లుల్లి గడ్డ ఒకటి, కచ్చాపచ్చాగా దంచి. మూడు చెంచాల సోయాసాసు, రెండు చెంచాల వెనిగర్, మిరియాలు, తురిమిన బెల్లం. వాళ్ళ కలమాన్సి పండు మనకు దొరకదు. నిమ్మరసంలో నాలుగు చుక్కలు కమలాపండు రసం కలిపి దాని వాసన దగ్గరికి తెచ్చింది. పులుపు దగ్గర మాత్రం పిసినారి. పులుపెక్కువైతే రాత్రికి రాత్రే కండ పైపొర పిండిలా అవుతుందట. ఉప్పు వేయలేదు, సోయాసాసులోదే చాలు. గిన్నెకు మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

ఆదివారం పొద్దున, గుడికి వెళ్ళేలోపు అసలు పని. నూనె కాగబెట్టి ముక్కలు వేస్తుందనుకున్నాను. అలా చేయలేదు. మూకుట్లో ముక్కలు, ఊరిన రసం, ఒక గరిటెడు నీళ్ళు పోసి సన్నసెగ మీద పెట్టింది. నీళ్ళు ఇగిరేలోపు ముక్క మెత్తబడుతుంది. ఇగిరాక నూనె వేసి, సెగ పెంచి, ముక్కలు పరిచి కదలకుండా వదిలేస్తే వేపుడవుతుంది. నాకు నవ్వొచ్చింది. దీనికోసం సముద్రాలు దాటాలా? కృష్ణా జిల్లాలో ఏ ఇల్లాలైనా ఇగురు పెట్టేది ఇలాగేగా. తేడా అంతా చివరి రెండు నిమిషాల్లో ఉంది. బెల్లం ఉంది కాబట్టి ఎర్రబారడానికీ మాడడానికీ నడుమ ఊపిరి తీసుకునేంతే సందు. తను చూపుతో కాదు, చెవితో కనిపెట్టింది. చిటపట తగ్గి సన్నటి సుయ్‌మన్న చప్పుడు రాగానే దించేసింది. దావావ్ హాస్టల్లో మొదటి మూడుసార్లూ మాడ్చానని ఒప్పుకుంది.

అన్నానికి రాత్రిది కావాలి. వేడన్నం వేయిస్తే ముద్దవుతుంది. చల్లారిన మెతుకు గట్టిపడి విడిగా నిలుస్తుంది. మన చద్దన్నానికి ఇంకో గౌరవం అన్నమాట. తడి వేళ్ళతో ఉండలు చిదిపి, వేరే బాండీలో చల్లటి నూనెలోనే వెల్లుల్లి తరుగు వేసి, మెల్లగా వేడెక్కించి, బంగారు రంగు రాగానే తీసి పక్కన పెట్టింది. ఆ నూనెలో అన్నం, ఉప్పు. అంతే. ఆవాల్లేవు, కరివేపాకు లేదు. పోపన్నం తిని పెరిగినవాడికి మొదటి ముద్ద బోసిగానే ఉంటుంది, దాచడమెందుకు.

బియ్యం మన సాంబ మసూరి, బాపట్ల బీపీటీ 5204. మెతుకు చూస్తూ ఒక సంగతి చెప్పాను. మనీలాకు దగ్గర్లో లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8 విడుదల చేస్తే, మరుసటి ఏడే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపాడు. ఐఆర్ 8కి పొట్టిదనమిచ్చిన తైవాన్ వరే, మరో దారిలో సాంబ మసూరి వంశంలోకీ వచ్చింది. "అయితే నేను తెచ్చిందేం లేదన్నమాట" అని మూతి ముడిచింది.

గుడ్డు గురించి చెప్పడానికేముంది, పచ్చసొన కారేలా అట్టు. పక్కన వెల్లుల్లి, పచ్చిమిరప వేసిన వెనిగర్. పచ్చి బొప్పాయితో వాళ్ళు పెట్టుకునే అచ్చారా మాత్రం లేదు. ఆ మాట మన దేశపు అచార్‌కు చుట్టమే. మేం మాగాయ పెట్టుకున్నాం, కాస్త జోరెక్కువైంది. సొన చిదిపి అన్నంలో కలిపి, తాపా ముక్కను వెనిగర్‌లో ముంచి తింటే, బెల్లపు తీపి వెనక్కి తగ్గి మిరియం ముందుకొచ్చింది. నా ముద్దలోని బోసితనం అప్పుడు తీరింది.

ప్లేట్లు తీసేవేళకు వదిన తాపా మూకుడు అందుకుంది. అడుగున అంటిన ఎర్రటి గోకుడు మీద పిడికెడు వట్టి అన్నం వేసి, వేళ్ళతో రాచి రాచి కలిపింది. కూతురికొక ముద్ద, నాకొక ముద్ద పెట్టింది. "అమ్మా, ఇది దావావ్‌లో ఎవరూ చెయ్యరే" అంటూ అది రెండో ముద్దకు చెయ్యి చాపింది. మూకుట్లో అప్పటికే ఏమీ లేదు.