ఆలస్యంగా ఇల్లు చేరేవాళ్ళు

‘ది ఫాంటమ్ క్యారేజ్’ మొదటిసారి చూసినప్పుడు నేను చేసిన తప్పు ఒకటుంది. రాత్రి రెండింటికి ఆఫీసు రిలీజ్ కాల్‌లో కూర్చుని, పక్క స్క్రీన్ మీద ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టి చూశాను. మూకీ సినిమానే కదా, డైలాగులు మిస్సయ్యేదేముంది అనుకున్నా. భర్త గొడ్డలితో తలుపు పగలగొట్టే సీన్ రాగానే కుబ్రిక్ 1980లో తీసిన ‘ది షైనింగ్’ గుర్తొచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. సినిమా అయిపోగానే ‘చూసినవి’ లిస్టులో వేసేసుకున్నాను.

చాలా రోజుల తర్వాత మామూలు వేగంతో మళ్ళీ చూస్తే, ఆ సీన్లో భయపెట్టేది గొడ్డలి కాదని అర్థమైంది. తలుపు పగిలేసరికి భార్య స్పృహ తప్పి పడిపోతుంది. డేవిడ్ హోల్మ్ వెళ్ళి ఆమె కోసం నీళ్ళు తెస్తాడు. ఆమె తేరుకోగానే మళ్ళీ మాటలతో పొడవడం మొదలెడతాడు. రాక్షసుడైతే నీళ్ళు తేడు. ఇతను మనకి తెలిసిన మనిషి. అందుకే భయం.

ఆ డేవిడ్ హోల్మ్ వేషం వేసిందీ, సినిమా తీసిందీ ఒక్కరే: విక్టర్ షోస్ట్రోమ్.

షోస్ట్రోమ్ గురించి ఎవరు రాసినా రెండు విషయాలు తప్పకుండా చెప్తారు. ప్రకృతిని ఒక పాత్రగా మార్చాడనీ, కెమెరామన్ యూలియస్ యాన్‌సోన్‌తో కలిసి డబుల్ ఎక్స్‌పోజర్‌లో దెయ్యాల బండిని నడిపించాడనీ. రెండూ నిజమే. కానీ నాకు మిగిలింది వేరే. ఇతని మంచి సినిమాలన్నిట్లో ఎవరో ఒకరు ఇంటికి ఆలస్యంగా వస్తారు. వచ్చేసరికి ఇల్లు ఉండదు, లేదా ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరు.

షోస్ట్రోమ్ 1879లో స్వీడన్‌లోని వార్మ్‌లాండ్ ప్రాంతంలో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం న్యూయార్క్ బ్రూక్లిన్‌కి వలస వెళ్ళింది. ఏడేళ్ళప్పుడు తల్లి పోయింది. తర్వాత స్వీడన్ తిరిగొచ్చి బంధువుల దగ్గర పెరిగాడు. కుర్రవాడిగానే నాటకాల కంపెనీలో చేరి ఊరూరా తిరిగాడు. 1912లో స్వెన్‌స్కా బియో అనే సినిమా కంపెనీకి వచ్చాడు. ‘తల్లి పోయింది, అందుకే ఇలాంటి సినిమాలు తీశాడు’ అని తేల్చెయ్యడం నాకిష్టం లేదు. క్రాష్ అయిన ప్రోగ్రాంలో మొదట కనబడ్డ లైన్ మీద నేరం మోపినట్టు ఉంటుంది. సినిమాల్లో ఏముందో చూద్దాం.

1913లో వచ్చిన ‘ఇంగెబోర్గ్ హోల్మ్’లో భర్త చనిపోయి, కొట్టు అప్పుల్లో మునిగి, ఒక తల్లి అనాథాశ్రమం లాంటి పేదల ఆశ్రమానికి చేరుతుంది. పిల్లల్ని తలా ఒక ఇంట్లో పెంపకానికి పెడతారు. కూతురికి జబ్బు చేసిందని తెలిసి ఆశ్రమం నుంచి పారిపోయి చూడ్డానికి వెళ్తుంది. మళ్ళీ పట్టుకొస్తారు. కొన్నాళ్ళకి చిన్నకొడుకుని చూపించడానికి తీసుకొస్తే, వాడు ఆమెని అమ్మ అని గుర్తుపట్టడు. అక్కడ ఆమెకి మతి పోతుంది. కెమెరా దాదాపు కదలదు. ముఖం దగ్గరికెళ్ళి ఏడిపించదు. గది మొత్తం చూపిస్తూ, ఒక ఆఫీసులో పని జరుగుతున్నట్టే చూపిస్తాడు. ఆ చల్లదనమే మనల్ని కాలుస్తుంది. ఏళ్ళ తర్వాత ఓడల్లో పనిచేసే పెద్దకొడుకు ఆమె పాత ఫొటో పట్టుకుని వస్తాడు. ఆమె గుర్తుపడుతుంది. కానీ జుట్టు నెరిసిపోయింది, మధ్యలో పోయిన ఏళ్ళు తిరిగి రావు. ఈ సినిమా స్వీడన్‌లో పేదల సహాయ చట్టాల మీద పెద్ద చర్చే లేపింది.

1917 నాటి ‘తెర్యె వీగెన్’ ఇబ్సెన్ కవిత ఆధారంగా తీసింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో, భార్యాబిడ్డల తిండి కోసం పడవలో ఒంటరిగా డెన్మార్క్ వెళ్ళిన నార్వే నావికుడు ఇంగ్లీషువాళ్ళకి చిక్కుతాడు. ఏళ్ళ తరబడి జైల్లో ఉండి తిరిగొచ్చేసరికి ఇద్దరూ చనిపోయి ఉంటారు. ఈ వేషం కూడా షోస్ట్రోమ్‌దే.

ఇక 1921 జనవరి 1న విడుదలైన ‘ఫాంటమ్ క్యారేజ్’. సెల్మా లాగర్‌లోఫ్ నవల. ఏడాది చివరి ఘడియలో చచ్చినవాడు మరుసటి ఏడాదంతా చావుబండి తోలాలి. ఫ్లాష్‌బ్యాక్‌లో ఫ్లాష్‌బ్యాక్, అందులో ఇంకోటి. అయినా ఎక్కడా తికమక ఉండదు. ఒక సీన్ చెప్తాను. సేవాశ్రమంలో సిస్టర్ ఈడిత్ రాత్రంతా కూర్చుని డేవిడ్ చిరిగిన కోటుకి మాసికలు వేస్తుంది. తెల్లారి లేచి, అతను వాటిని ఆమె ముందే పీకేస్తాడు. ఆ కోటు నుంచే ఆమెకి క్షయ అంటుకుంటుంది. తానే దర్శకుడై తానే ముఖ్యపాత్ర వేసుకున్నప్పుడు, కెమెరా ఎక్కడో ఒక చోట ఆ నటుడి మీద జాలిపడుతుంది. ఇక్కడ ఆ జాలి మచ్చుకైనా లేదు. ఆ పీకడంలో డేవిడ్‌కి ఉన్న సంతోషాన్ని షోస్ట్రోమ్ దాచుకోడు.

ముగింపు నీతికథలా ఉందని చాలామంది అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు కొంచెం మనసు మార్చుకున్నాను. డేవిడ్ ఒక్కసారికి సమయానికి ఇల్లు చేరతాడు, పిల్లలతో సహా చావడానికి సిద్ధమైన భార్యని ఆపుతాడు. కానీ అతను మారాడంటే ఆమె వెంటనే నమ్మదు, నమ్మలేదు. మనిషి తిరిగి రావడం ఒక ఎత్తు, వచ్చింది అతనే అని ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తుని ఈ సినిమా తేలిగ్గా దాటెయ్యదు.

ఆ తర్వాత హాలీవుడ్. పేరు కూడా పలకడానికి వీలుగా ‘సీస్ట్రోమ్’ అయిపోయింది. లాన్ చేనీతో ‘హీ హూ గెట్స్ స్లాప్డ్’, లిలియన్ గిష్‌తో ‘ది స్కార్లెట్ లెటర్’. 1928లో మొహావి ఎడారిలో విమానం ప్రొపెల్లర్లతో ఇసుక రేపి తీసిన ‘ది విండ్’ వీటన్నిట్లో గొప్పది. గార్బోతో తీసిన ‘ది డివైన్ వుమన్’లో మిగిలింది తొమ్మిది నిమిషాల ముక్క. టాకీలు వచ్చాయి, అతను స్వీడన్ వెళ్ళిపోయాడు. 1937 తర్వాత మళ్ళీ దర్శకత్వం చెయ్యలేదు, నటుడిగానే ఉండిపోయాడు. 1943 నుంచి 1949 దాకా స్వెన్స్క్ ఫిల్మ్‌ఇండస్ట్రీలో కళావిభాగం పెద్దగా ఉన్నప్పుడు, మొదటి సినిమాతో తంటాలు పడుతున్న బెర్గ్‌మన్‌ని మెడ వెనక పట్టుకుని స్టూడియో బయట అటూ ఇటూ నడిపిస్తూ, సీన్లు అంత చిక్కుగా చెయ్యకు, అందరితో గొడవ పెట్టుకోకు అని చెప్పేవాడట.

ఆ బెర్గ్‌మనే 1957లో ‘వైల్డ్ స్ట్రాబెరీస్’లో అతన్ని ఇసాక్ బోర్గ్‌గా నిలబెట్టాడు. అప్పటికి షోస్ట్రోమ్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. స్టాక్‌హోమ్ నుంచి లుండ్ దాకా కారులో వెళ్తూ, తన జీవితంలోకి తానే ఆలస్యంగా వచ్చిన ముసలి డాక్టరు. మొదట్లో వచ్చే కలలో శవాల బండి చక్రం ఊడిపోతుంది, శవపేటికలోంచి అతని చెయ్యే అతన్ని పట్టుకుంటుంది. ‘ఫాంటమ్ క్యారేజ్’ని ఏటా చూసే బెర్గ్‌మన్, ఆ బండిని దాని యజమానికే తిరిగి పంపాడనిపిస్తుంది.

చివర్లో అతను నీళ్ళకి ఆవలి ఒడ్డున వయసులో ఉన్న అమ్మానాన్నల్ని చూస్తాడు. అమ్మ చెయ్యి ఊపుతుంది. ఆ సీన్ తీసిన రోజు గురించి బెర్గ్‌మన్ రాసుకున్నాడు. సాయంత్రం విస్కీ వేళకి ఇంటికి పంపుతానన్న మాట తప్పారని ముసలాయన మండిపడుతున్నాడట. ఎవరితోనూ మాట్లాడకుండా పక్కకెళ్ళి కూర్చున్నాడట. అసిస్టెంటు పట్టుకుని తీసుకొస్తే తూలుకుంటూ వచ్చి నిలబడ్డాడట. కెమెరా తిరగగానే ఆ ముఖం విచ్చుకుంది.

సినిమాలో మనం చూసేది ఆ ముఖమే. ఇంటికెళ్ళడానికి ఆలస్యమవుతోందని కోపంగా ఉన్న మనిషి ముఖం అది. 1960 జనవరిలో అతను పోయాడు. నేను ఆ షాట్‌ని మామూలు స్పీడ్‌లోనే చూశాను.